సైకిల్ ముట్టుకోకుండానే ‘సర్వీస్ పూర్తయింది’ అని తిప్పి పంపినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మూడు నెలలుగా నా ఫిర్యాదును పట్టించుకోకపోవడం, రిపేరు చేయని సైకిల్‌ను చేసినట్టు రాసి వెనక్కి పంపడం గురించి.

నమస్కారం.

సైకిల్ చెడిపోయిందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. వస్తువన్నాక చెడిపోతుంది, బాగు చేయించుకుంటాం. మీవాళ్ళు నన్ను మూడు నెలలు తిప్పించిన తీరు మీకు తెలియాలని రాస్తున్నాను.

చెడింది ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. వెనక చక్రం ఫ్రీవీల్, అంటే గొలుసు లాగితే చక్రాన్ని తిప్పే పళ్ళ చక్రం, పట్టడం లేదు. బలంగా తొక్కితే పెడల్ ఉత్తగా తిరిగిపోతుంది. సెప్టెంబర్ మొదటి వారంలో మా నల్లగొండ పక్కనున్న పానగల్లు దగ్గర ఉదయ సముద్రం కట్ట ఎక్కుతుంటే అట్లాగే జారింది, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుని పక్కకు పడ్డాను. ఆ రోజే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

మొదట మాట్లాడిన అబ్బాయి నేను పడ్డానని విని కూడా దెబ్బ తగిలిందా అని అడగలేదు. ‘కట్ట’ అనగానే పట్టుకున్నాడు. ‘గుట్టల్లో, రాళ్ళల్లో తొక్కితే వారంటీ వర్తించదు సార్’ అన్నాడు. మా దారి ఎట్లాంటిదో అతనికి నాలుగుసార్లు చెప్పాను, మీకూ చెప్తున్నాను. పొద్దున ఐదున్నరకు మా కాలనీ పార్కు దగ్గర ఏడుగురం కలుస్తాం. గడియారం సెంటర్ మీదుగా పానగల్లు వెళ్తాం, తారు రోడ్డే. అక్కడ పచ్చల సోమేశ్వరాలయం దాటి చెరువు కట్ట ఎక్కుతాం. కుందూరు చోళుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు నాగార్జునసాగర్ వెనక జలాలను ఎత్తిపోసి, కాలువ ద్వారా తెచ్చి నింపుతున్నారు, ఒకటిన్నర టీఎంసీ పట్టే రిజర్వాయర్. ఆ కట్ట మీద ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు పొద్దున్నే నడకకు వస్తారు. అక్కడి నుంచి ఛాయా సోమేశ్వరాలయం దగ్గర ఆగి, నీళ్ళు తాగి, కాలువ పక్క బాట పట్టుకుని ఊళ్ళోకి వచ్చేస్తాం. ఆ బాట కొంత మట్టిదే, కానీ పాలవాళ్ళ బండ్లు రోజూ తిరిగేదే. మొత్తం 18 కిలోమీటర్లు. 56 ఏళ్ళ మనిషి రోజూ తొక్కగలిగే దారి. ఇందులో గుట్ట ఎక్కడుంది?

అంతా విని, ‘నోట్ చేసుకున్నాను సార్, 48 గంటల్లో మావాళ్ళు వస్తారు’ అన్నాడు. ఎవరూ రాలేదు. మూడో రోజు మెసేజ్ వచ్చింది: ‘కస్టమర్ ఫోన్ ఎత్తనందున ఫిర్యాదు ముగించబడింది’. ఆ రెండు రోజులూ బాత్రూమ్‌కు పోయినా ఫోన్ వెంట పెట్టుకునే పోయాను. ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు.

మళ్ళీ చేశాను. ఈసారి ఒక అమ్మాయి. మొదటి నుంచి అంతా చెప్పమంది, చెప్పాను. చివర్లో పిన్‌కోడ్ అడిగి, ‘508001కి మా సర్వీస్ లేదు సార్’ అంది. అదే 508001కి మీ కంపెనీ సైకిల్ అమ్మింది, పెట్టెలో పెట్టి మా గడప దగ్గరికి పంపింది, డబ్బులు తీసుకుంది. ఇదే మాట అంటే ‘లైన్‌లో ఉండండి’ అని పాట పెట్టింది. 35 నిమిషాలు విన్నాను. ఫోన్ కట్ అయింది.

పోనీ ప్రకాశం బజార్‌లో మా పాత మెకానిక్‌తో విప్పిద్దామంటే, బయట విప్పితే వారంటీ పోతుందని మీవాళ్ళే భయపెట్టారు. హైదరాబాద్ సెంటర్‌కు తెచ్చుకోమన్నారు. ఆర్టీసీ కార్గోలో వేసి, నేను వేరే బస్సులో పోయి, ఆటోలో సెంటర్‌కు చేర్చాను. ఒక రోజు సెలవు పోయింది. అక్కడి మేనేజర్ ‘ఆన్‌లైన్‌లో కొన్నది మేం చూడం’ అన్నాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని మూడుసార్లు మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే గానీ తీసుకోలేదు. హ్యాండిల్‌కు ఒక అట్టముక్క కట్టి, ‘ఫ్రీ చూడాలి’ అని రాశాడు, ఫ్రీవీల్ అని అర్థం.

23 రోజుల తర్వాత సైకిల్ ఇంటికొచ్చింది. వెంటనే మెసేజ్: ‘మీ సైకిల్‌కు పూర్తి సర్వీస్ చేయబడింది, మాకు ఐదు స్టార్లు ఇవ్వండి’. దగ్గర కూర్చుని చూశాను. ఆ అట్టముక్క అట్లాగే ఉంది, ముడి కూడా విప్పలేదు. వెనక టైరుకు కట్ట మీది మట్టి ఎండిపోయి అంటుకునే ఉంది. గొలుసులో ఇరుక్కున్న గడ్డిపరక కూడా ఇరుక్కున్నట్టే ఉంది. ఇదేనా సర్వీస్? నన్ను వెర్రివాణ్ణి అనుకున్నారా?

2012లో మా పెద్దమ్మాయికి కొన్న సైకిల్ మీదే. చిన్నవాడిదీ మీదే. మా ఏడుగురిలో నలుగురు నా మాట మీద మీ సైకిళ్ళు కొన్నారు. ఇప్పుడు వాళ్ళు పొద్దున్నే మా గేటు ముందు బెల్ కొట్టి వెళ్తుంటే నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. షుగర్ బార్డర్‌లో ఉంది, తొక్కడం మానొద్దని డాక్టర్ చెప్పాడు. మానేలా చేసింది మీరు.

నాకు కావాల్సింది పెద్దదేం కాదు. పేరు చెప్పుకుని మాట్లాడే మనిషి ఒకరు ఫోన్ చేయాలి. చేయని సర్వీస్‌ను చేసినట్టు ఎవరు రాశారో చెప్పాలి. చక్రం మార్చాలి, అదీ నల్లగొండకు వచ్చి మార్చాలి, లేదంటే డబ్బు వాపసు ఇవ్వాలి. నేను మళ్ళీ హైదరాబాద్ రాను.

15 రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను, నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. మీ హెడ్డాఫీసు ఏ ఊళ్ళో ఉన్నా జవాబు ఇక్కడే చెప్పుకోవాలి. ప్రతి కాల్ తేదీ, టైమూ రాసిపెట్టాను. మెసేజ్‌లు ప్రింట్ తీశాను.

సైకిల్ వరండాలోనే ఉంది. అట్టముక్క విప్పలేదు, టైరు కడగలేదు. మీ మనిషి వచ్చి చూసేదాకా అట్లాగే ఉంచుతాను.

ఇట్లు,
మీ రికార్డుల్లో ‘సమస్య పరిష్కారమైంది’ అని ఉన్న నల్లగొండ కస్టమర్