గోపాల్‌పూర్ గగనతల రక్షకులకు పుట్టినరోజు శుభాకాంక్షలు

గోపాల్‌పూర్ ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కళాశాల కమాండెంట్ గారికి,

నమస్కారములు. జనవరి 10న ఆవిర్భావ దినోత్సవం జరుపుకుంటున్న ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ దళానికీ, అందులో సేవలందిస్తున్న ప్రతి జవానుకూ, వారిని కన్న తల్లిదండ్రులకూ ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగువారి తరఫున హృదయపూర్వక శుభాకాంక్షలు.

1994లో ఫిరంగి దళం నుంచి విడివడి స్వతంత్రంగా నిలిచిన మీ దళానికి విద్యాలయం మా గోపాల్‌పూర్‌లోనే ఉండడం మాకెంతో గర్వకారణం. ‘ఆకాశే శత్రూన్ జహి’ (ఆకాశంలోనే శత్రువులను హతమార్చు) అన్న మీ నినాదం 2025 మే నెలలో దేశం కళ్లెదుట నిజమైంది. పశ్చిమ సరిహద్దు మీదికి డ్రోన్లు గుంపులుగా వచ్చిపడిన ఆ రాత్రుల్లో, కాలం చెల్లాయని కొందరు భావించిన 40 మిల్లీమీటర్ల ఎల్-70 తుపాకులు ఆధునిక సెన్సర్లతో, ఆకాశ్ క్షిపణులకు తోడుగా నిలిచి వాటిని నేలకూల్చాయి. ఆ తుపాకుల వెనుక కంటిమీద కునుకు లేకుండా కూర్చున్నవారికి మేమెంత రుణపడి ఉన్నామో మాటల్లో చెప్పలేను.

మీరు సముద్రం మీదికి కాల్పులు సాధన చేసే రోజున తీరంలోని మా ఇళ్ల కిటికీ రెక్కలు అదురుతాయి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న పెద్దలు “మనవాళ్లు నేర్చుకుంటున్నార్రా” అని పిల్లలకు ధైర్యం చెబుతారు.

ఒక్క మనవి. ఇక్కడి జాలరుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే కాబట్టి, కాల్పుల తేదీల ప్రకటన ఒడియాతో పాటు తెలుగులోనూ వారి వీధుల్లో వినిపించేలా చూడగోరుతున్నాను. వీలైతే ఈ దినోత్సవాన మా బడిపిల్లలకు ఆ తుపాకులను దగ్గర నుంచి చూసే అవకాశం కల్పించండి.

ఇట్లు,
బరంపురం తెలుగు ఉపాధ్యాయురాలు