రెండో సంపుటం ఏదండీ అంటే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అంటారా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి, ఆయన పైన ఇంకెవరైనా ఉంటే వారికి కూడా,

నిన్న సాయంత్రం మీ దగ్గర్నుంచి మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి’ అని. ఏం పరిష్కరించారండీ? నాకు రావాల్సిన పుస్తకం రాలేదు. నేను అడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు రాలేదు. నేను రాసిన మెయిల్‌ని మీ ఆఫీసులో ఒక్క మనిషి అయినా మొదటి నుంచి చివరి దాకా చదివాడని నాకు నమ్మకం లేదు. అందుకే ఇంగ్లీషు మెయిళ్లు ఆపేసి ఈసారి తెలుగులో, నలుగురికీ కనపడేలా రాస్తున్నాను. బెజవాడలో పుట్టిన కంపెనీ మీది, కనీసం ఇదైనా చదవండి.

జరిగింది చాలా చిన్న విషయం. నేను బందరులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. ఫ్రెంచ్ చరిత్రకారుడు ఫెర్నాన్ బ్రోదెల్ మధ్యధరా సముద్రం మీద రాసిన పెద్ద గ్రంథం ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా దొరుకుతుంది. మీ సైట్‌లో ‘రెండు సంపుటాల సెట్’ అని చూసి, డబ్బంతా ముందే కట్టి ఆర్డర్ పెట్టాను. పార్సిల్ విప్పితే రెండు పుస్తకాలున్నాయి, రెండూ మొదటి సంపుటమే. ప్యాకింగ్‌లో ఎవరో పొరపాటు పడ్డారు, మనుషులన్నాక పడతారు, దాని గురించి నాకు కోపం లేదు. ఆ రోజే ‘అయ్యో మేడమ్, రెండోది పంపిస్తాం’ అని ఎవరైనా అని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

మొదట ఫోన్ ఎత్తిన అబ్బాయి నేను చెప్పిందంతా విని, ‘మేడమ్, మీరు రెండు పుస్తకాలు ఆర్డర్ చేశారు, రెండు పుస్తకాలు డెలివర్ అయ్యాయి, సిస్టమ్‌లో సరిగ్గానే చూపిస్తోంది’ అన్నాడు. రెండూ ఒకటే బాబూ అన్నాను. ‘అవును మేడమ్, టైటిల్ ఒకటే కదా’ అన్నాడు. సంపుటాలంటే ఏమిటో ఓపిగ్గా వివరించాను. మొదటి దాంట్లో పేజీల నంబర్లు ఆరు వందలు దాటాక ఆగుతాయి, రెండోది అక్కడి నుంచే ఎత్తుకుంటుంది, అంటే ఇది ఒకే పుస్తకాన్ని మధ్యకి విడదీసి రెండు అట్టల్లో పెట్టడం అని చెప్పాను. అతను ‘మీ ఇబ్బందిని అర్థం చేసుకున్నాను మేడమ్’ అని, ఆ వెంటనే ‘పుస్తకం చిరిగిందా, తడిసిందా?’ అని అడిగాడు. చిరగలేదు, తడవలేదు. అయితే తను కంప్లయింట్ తీసుకోలేడట, యాప్‌లో నన్నే పెట్టుకోమన్నాడు. యాప్‌లో ‘వేరే పుస్తకం వచ్చింది’ అనే ఆప్షన్ నొక్కితే, టైటిల్ సరిపోయింది కాబట్టి మీ అభ్యర్థన తిరస్కరించాం అని క్షణంలో జవాబు. ఆ తిరస్కరించింది మనిషో మిషనో కూడా నాకు తెలియదు.

తర్వాత చాట్‌లో ఒకమ్మాయి ఫోటోలు పంపమంది. రెండు పుస్తకాల అట్టలూ, వీపులూ, లోపలి మొదటి పేజీలూ, అన్నీ తీసి పంపాను. సంపుటం నంబరు అట్ట మీద కళ్లకు కొట్టొచ్చినట్టు ఉంటుంది. ‘ఫోటో స్పష్టంగా లేదు’ అన్నారు. వరండాలోకి తీసుకెళ్లి వెలుతురులో మళ్లీ తీసి పంపాను. ఈలోపు చాట్ ఇంకొకరికి మారింది, ఆయన వచ్చీ రాగానే ‘హలో మేడమ్, మీ సమస్య ఏమిటి, ఫోటోలు పంపగలరా’ అన్నాడు. పైకి జరిపి చూడండి బాబూ, అన్నీ అక్కడే ఉన్నాయి అని రాస్తే, పాత చాట్ తనకు కనపడదన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అతనూ ‘మీ ఇబ్బందిని అర్థం చేసుకున్నాను’ అన్నాడు. ఈ ఒక్క వాక్యం మీ వాళ్లందరికీ నోటికొచ్చు. ఆ ఇబ్బంది ఏమిటో చెప్పమంటే మాత్రం ఒక్కరూ చెప్పలేరు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది పికప్ వ్యవహారం. ఒక రోజు ఫోన్ కూడా చేయకుండా ఒక కుర్రాడిని పంపారు. పాపం అతని తప్పేం లేదు. అతని దగ్గరున్న కాగితంలో రెండు పుస్తకాలూ తీసుకెళ్లాలని ఉంది. నేను అదనంగా వచ్చిన ఒక్కటే ఇస్తానన్నాను. రెండూ ఇచ్చేస్తే డబ్బు వాపసు వేస్తారట. మరి పుస్తకం? అప్పటికప్పుడు మీ సైట్‌లో చూస్తే ఆ సెట్ ‘స్టాక్ లేదు’ అని ఉంది. అంటే సగం ఉన్న పుస్తకం కూడా చేతిలోంచి పోతుంది. నాకు డబ్బు వద్దు, రెండో సంపుటం కావాలి అని చెప్పి అతన్ని పంపేశాను. సాయంత్రానికల్లా మెసేజ్: ‘రిటర్న్‌కి కస్టమర్ నిరాకరించారు, టికెట్ మూసివేశాం.’ నేను నిరాకరించానట! ఇన్నాళ్లుగా మీ వెంట పడుతున్న మనిషి నిరాకరించినట్టు మీ రికార్డులో రాసుకున్నారు. ఆ వాక్యం ఎవరు రాశారో నాకు తెలియాలి.

మళ్లీ టికెట్ తెరిపిస్తే ‘అకడమిక్ విభాగా’నికి మార్చారు. పేరు వినగానే హమ్మయ్య, పుస్తకాలు తెలిసినవాళ్లు ఉంటారనుకున్నాను. ఆయన ‘ఇది విదేశాల నుంచి వచ్చిన స్టాక్ మేడమ్, దిగుమతి చేసిన డిస్ట్రిబ్యూటర్‌ని అడగండి’ అని ఒక నంబరు ఇచ్చాడు. ఆ నంబరుకి చేస్తే, మేము షాపులతోనే మాట్లాడతాం, మీరు కొన్న చోటే అడగండి అన్నారు. మళ్లీ మీ దగ్గరికి వస్తే సూపర్‌వైజర్ 24 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఆ ఫోన్ ఇప్పటికీ రాలేదు. క్లాసులో ఉన్నప్పుడు కూడా ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టుకుని, ఎక్కడ మిస్ అవుతానో అని టెన్షన్ పడుతూ పాఠం చెప్పాను.

ఆఖరికి ఒకాయన నాకు పరిష్కారం చెప్తున్నానన్న ధీమాతో, ‘మేడమ్, అదే సబ్జెక్టు మీద వేరే పుస్తకం పంపిస్తాం, పోటీ పరీక్షలకి యూరప్ చరిత్ర గైడు ఉంది, మంచి రేటింగ్ ఉంది’ అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు.

నేను అడిగిన పుస్తకం ఏమిటో ఇప్పుడు నేను చెప్తాను, వినండి. బ్రోదెల్ 1940లో జర్మన్ల చేతికి చిక్కి, 1945 దాకా మొదట మైంజ్‌లో, తర్వాత ల్యూబెక్‌లో యుద్ధఖైదీగా ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆర్కైవుల్లో సేకరించిన కాగితాలేవీ దగ్గర లేకుండా, ఎక్కువ భాగం జ్ఞాపకం మీదే నోట్‌బుక్కుల్లో రాసి తన గురువులాంటి చరిత్రకారుడు లూసియాఁ ఫెవ్ర్‌కి పంపేవాడు. 1947లో అది థీసిస్ అయింది, 1949లో పుస్తకమైంది, 1966లో మళ్లీ తిరగరాశాడు. పుస్తకంలో మొదట కొండలు, మైదానాలు, సముద్రం, ఋతువులు. అక్కడ కాలం కదులుతున్నట్టే ఉండదు. తర్వాత వర్తకం, ధరలు, రాజ్యాలు, సమాజాలు. చివరన యుద్ధాలు, రాజులు. చరిత్రంటే రాజుల తేదీలే అని నేర్చుకున్న పిల్లలకు ఈ వరుస చూపిస్తే కళ్లు తెరుచుకుంటాయి. నా క్లాసులో నేను స్వయంగా చూశాను.

మీరు పంపిన మొదటి సంపుటం వర్తకం, రవాణా దగ్గర ఆగిపోతుంది. సామ్రాజ్యాలు ఎలా పెరిగాయి, స్పెయిన్ నుంచి యూదుల్నీ, తర్వాత మోరిస్కోలనీ (క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల్నీ) ఎందుకు వెళ్లగొట్టారు, 1571లో గ్రీసు తీరాన లెపాంటో దగ్గర ఆటొమన్ తురుష్కుల నౌకాదళం ఓడిపోయాక ఏమైంది, ఇవన్నీ రెండో దాంట్లో ఉన్నాయి. అంత పెద్ద గెలుపు తర్వాత కూడా 1573లో వెనిస్ సైప్రస్‌ని వదులుకుని విడిగా సంధి చేసుకుంది, కొన్నేళ్లకే స్పెయిన్ అట్లాంటిక్ వైపు, ఆటొమన్లు పర్షియా వైపు తిరిగిపోయారు. లెపాంటోకి ఆరేళ్ల ముందు, 1565లో, మన దగ్గర తళ్లికోట యుద్ధం జరిగింది. ఒక్క యుద్ధంతో విజయనగర సామ్రాజ్యం పోయిందని పాఠ్యపుస్తకం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆ తర్వాతే మా బందరు గోల్కొండ వాళ్ల పెద్ద రేవుగా ఎదిగి, 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు వచ్చి దిగేంత దాకా వెళ్లింది. ఈ రెండు యుద్ధాలనీ పక్కపక్కన పెట్టి, ఒక యుద్ధం ఎంత మారుస్తుంది, ఎంత మార్చలేదు అని పిల్లల చేత ఆలోచింపజేయాలని ఈ సెమిస్టర్‌కి పాఠం తయారు చేసుకుంటున్నాను. ఇంకో మాట, ఆధారాల పట్టిక, ఇండెక్స్ కూడా రెండో సంపుటం చివరే ఉంటాయి. అది లేకపోతే మొదటి దాన్ని కూడా పూర్తిగా వాడుకోలేం. దీని బదులు గైడు పంపిస్తారా?

మీ కొట్టు బెజవాడలో ఒక్క గదిలో ఉన్న రోజుల నుంచి నేను మీ కస్టమర్‌ని. ఎం.ఏ. చదివేటప్పుడు బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చేదాన్ని. అప్పుడు కూర్చునే పెద్దాయన, చరిత్రకారుడు మార్క్ బ్లోక్ పుస్తకం అడిగితే, ఏ ప్రచురణ కావాలమ్మా అని తిరిగి అడిగేవారు. డబ్బు చాలకపోతే ‘తీసుకెళ్లమ్మా, వచ్చే నెల ఇద్దువు’ అనేవారు. ఆ మర్యాద చూసే మా కాలేజీ లైబ్రరీ ఆర్డర్లు ఏటా మీకు వచ్చేలా నేను పట్టుబట్టాను. నా దగ్గర చదివి పరిశోధనకు వెళ్లిన పిల్లలందరికీ మీ పేరే చెప్పాను. ఆ ఆర్డర్ల బిల్లులన్నీ మీ కంప్యూటర్లోనే ఉంటాయి, తీసి చూసుకోండి. అలాంటి మనిషికి కూడా మీరిచ్చే జవాబు ఇదేనా? కంపెనీ పెద్దదైతే సంతోషించాను. పెద్దదయ్యాక పుస్తకం గురించి మాట్లాడటానికి ఒక్క మనిషి కూడా లేకుండా పోతారని అనుకోలేదు.

ఇక చెప్పేది వినండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి 2020 వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ ఆఫీసర్ పేరు సైట్‌లో ఎంత వెతికినా కనపడలేదు, అడిగితే ఎవరూ చెప్పలేదు. ఈ వారంలో నాకు పేరున్న మనిషి ఫోన్ చేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. పుస్తకం ధర ఎంతని చూసుకుని ఇంత చిన్నదానికి ఈమె ఎక్కడ వేస్తుందిలే అనుకోకండి, వేస్తాను. ఈ ఏడాది లైబ్రరీ కమిటీ మీటింగులో ఈ ఉత్తరాన్నే చదివి వినిపిస్తాను. తెలిసిన కాలేజీల లెక్చరర్లందరికీ పంపిస్తాను.

రెండో సంపుటం పంపండి. స్టాక్ లేకపోతే తెప్పించండి, ఎప్పటికి వస్తుందో తేదీ చెప్పండి, ఆగుతాను. అదనంగా వచ్చిన ప్రతి భద్రంగా ఉంది, రెండోది నా చేతిలో పడ్డాక మీ మనిషిని పంపించి తీసుకెళ్లండి, అంతకు ముందు ఇవ్వను. ‘కస్టమర్ నిరాకరించారు’ అని రికార్డులో రాసిన మాట కొట్టేసి, కొట్టేసినట్టు నాకు రాతపూర్వకంగా పంపండి. ఈ ఉత్తరానికి కూడా టికెట్ నంబరు ఇచ్చి రేటింగ్ అడిగారంటే, నా తర్వాతి కాగితం కమిషన్‌కే వెళ్తుంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
మచిలీపట్నం