రాకపోకలు లేని శాంతి

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ పత్రికలో కొరియాల మీద వచ్చిన వ్యాసం గురించి ఇది. రాయడం ఆలస్యమైంది. మా వీధిలో నాలుగు రోజులుగా కరెంటు వస్తూ పోతూ ఉంది, ఆ గోడు ఇంకో లేఖలో.

ముందు ఒక తప్పు. 1953లో యుద్ధం ముగిసిందని వేశారు. ముగియలేదండీ! ఆ జూలై 27న కుదిరింది కాల్పుల విరమణ మాత్రమే, శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు. ఆ తర్వాత యుద్ధఖైదీల పంచాయితీ చూడటానికి వెళ్లింది మన జనరల్ తిమ్మయ్యే. డెస్కులో ఒక్కరికైనా తట్టలేదా?

ఇక అసలు సంగతి. మీ వ్యాసం ప్రకారం రెండు కొరియాలూ ఏకీకరణ ఊసు మానేసి ఎవరి ఇంట్లో వాళ్లుంటే శాంతియుత సహజీవనం దానంతటదే వస్తుందట. 2023 చివర్లో ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్ మానేశారుగా! దక్షిణం శత్రుదేశం అన్నారు, నెల తిరక్కుండా తన రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఏకీకరణ తోరణం కూల్చారు, 2024 అక్టోబరులో దక్షిణానికి వెళ్లే రోడ్లు పేల్చారు. మరి శాంతి ఏదీ?

'విడిపోయి కలిసుందాం' అన్న నినాదం విన్నవాళ్లం మేం. 2014లో విడిపోయాం. విభజన చట్టంలోని తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు సంస్థల ఆస్తుల గొడవ పదేళ్లు దాటినా పూర్తిగా తెగలేదు. మన విశాఖ రైల్వే జోన్‌ని 2019లో ప్రకటిస్తే శంకుస్థాపనకే 2025 వచ్చింది. మన ఆఫీసర్ల వేగం అది. అయినా కూకట్‌పల్లిలో ఉన్న మా అక్కకి మాడుగుల హల్వా తినాలనిపిస్తే, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగుతాను. దారిలో డబ్బా మూత తీసి చూసేవాడు లేడు.

అక్కడ రెండు కొరియాల మధ్య జాబు లేదు, ఫోన్ లేదు. 2018 ఆగస్టులో ఉత్తర కొరియాలోని కుమ్‌గాంగ్ కొండ దగ్గర, యుద్ధంలో విడిపోయిన కొన్ని కుటుంబాలను ఆఖరిసారి కలిపారు. మూడు రోజుల్లో అంతా కలిపి పన్నెండు గంటలు. తర్వాత బస్సు ఎక్కించారు. లోపలివాళ్లు అద్దానికి అరచెయ్యి ఆనిస్తే బయటివాళ్లు సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టి ఏడ్చారు. అలా కలవాలని దక్షిణంలో పేర్లిచ్చుకున్న 1,30,000 పైచిలుకు మందిలో ఎక్కువమంది ఇప్పటికే పోయారు.

ఏకీకరణ వద్దంటే వద్దనే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు ఆ బస్సు మళ్లీ తిప్పమని రాయండి. 1953 తప్పుకు సవరణ కూడా వెయ్యండి, ఎప్పటిలా టెండరు ప్రకటనల కింద కనపడకుండా కాదు.

– ఒక పాత చందాదారు, గాజువాక, విశాఖపట్నం