మూడు రూపాయల ముప్పావు వడ్డీ

సంపాదకులకు నమస్కారం.

మా అక్క కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తాడు. "ఏం కొన్నా ఐదు శాతం వెనక్కొస్తుంది పిన్నీ" అంటూ నాలుగు క్రెడిట్ కార్డులు తీసుకున్నాడు. కొన్నవాటితో ఆగలేదు. అద్దె పేరు చెప్పి కార్డు నుంచి స్నేహితుడి ఖాతాకు డబ్బు పంపడం, అతను తిరిగి వీడి ఖాతాలో వేయడం, పాయింట్లు మిగుల్చుకోవడం. ఒక కార్డు బిల్లు ఇంకో కార్డు డబ్బుతో తీరేది. 2022 నుంచి బ్యాంకులు అద్దె చెల్లింపుల మీద ఒక శాతం రుసుము వేయసాగినా మానలేదు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చాక యాప్‌లు ఆ సేవ ఆపేశాయి. డబ్బు తిరగడం ఆగింది, బిల్లులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. తర్వాత కమీషన్ తీసుకుని కార్డు గీకి నగదు ఇచ్చే దుకాణం చుట్టూ తిరిగాడు.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన దాన్ని. వాడి బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. ఒక నెల 40,000 రూపాయల కొనుగోళ్లు. ఐదు శాతమంటే 2,000 రావాలి. కానీ నెలకు 1,000 దాటి ఇవ్వరట, ఆ మాట ప్రకటనలో కంటికి ఆనని అక్షరాల్లో ఉంది. వాడు బిల్లులో కనీసం ఇంత కట్టమన్న మొత్తం 2,000 కట్టి ఊరుకున్నాడు. మిగిలిన 38,000 మీద నెలకు 3.75 శాతం చొప్పున వడ్డీ 1,425, దాని మీద 18 శాతం జీఎస్టీ 256. వచ్చింది వెయ్యి, పోయింది 1,681. ఇదీ తగ్గించి వేసిన లెక్కే. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ కొన్న రోజు నుంచే పడుతుంది, ఆ తర్వాత కొన్న పాల ప్యాకెట్టుకు కూడా వడ్డీ లేని గడువుండదు.

ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి రక్తం తాగుతున్నాడని తిడతాం. ఇది మూడు రూపాయల ముప్పావు, ఏడాదికి నూటికి 45. ముప్పై శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. వడ్డీ రేట్ల సంగతి రిజర్వు బ్యాంకు పరిధిలోనిదంటూ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఇప్పుడు అడగవలసింది రిజర్వు బ్యాంకునే.

నెలనెలా బిల్లు పూర్తిగా కట్టేవారికి క్యాష్‌బ్యాక్ నిజంగానే లాభం, కాదనను. కానీ ఆ సొమ్ము ఆకాశం నుంచి రాలదు. కొంత దుకాణదారు కట్టే రుసుము నుంచి, కొంత మా వాడిలాంటి కుర్రాళ్లు కట్టే వడ్డీ నుంచి వస్తుంది. చదువుకున్నవాడికే ఈ లెక్క తెలియకపోతే, మాల్‌లో బల్ల వేసుకుని కార్డులు అంటగట్టే చోట సంతకం పెట్టే ఇరవై ఏళ్ల పిల్లల గతేమిటి?

కనీస మొత్తమే కడితే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లుపై హెచ్చరిక వేయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. అది ఎవరూ చదవడం లేదు. నేను అడిగేది బిల్లు మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో, రెండంకెలు: ఈ ఏడాది ఇప్పటివరకు మీకు ఇచ్చిన క్యాష్‌బ్యాక్ ఎంత, మీ నుంచి వడ్డీ, రుసుములు, జీఎస్టీ కింద తీసుకున్నది ఎంత. ప్రకటనలో ఐదు శాతం ఏ సైజులో వేస్తారో నెలవారీ పరిమితినీ, వడ్డీనీ అదే సైజులో వేయించాలి. ఈ అంకెలన్నీ బ్యాంకుల దగ్గర సిద్ధంగానే ఉన్నాయి.

— విశ్రాంత గణిత ఉపాధ్యాయిని, తెనాలి