‘పరిష్కరించబడింది’ అని మీరు మూసేసిన ఫిర్యాదు గురించి

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.
అక్టోబరు 5, 2024.

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధిపతి గారికి,

విషయం: ఆగస్టు 12 నుంచి మా ఇంట్లో పనిచేయని ఇంటర్నెట్ కనెక్షను, అంతకంటె ముఖ్యంగా, ఆ సంగతి మీ సంస్థలో ఎవరూ వినిపించుకోకపోవడం.

అయ్యా,

నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మీ సంస్థకు చందాదారుగా చేరి ఈ దసరాకు 19 ఏళ్లు. నా ఖాతా సంఖ్యను మీ ప్రతినిధులకు ఇప్పటికి 14 సార్లు ఒక్కొక్క అంకె విడదీసి చెప్పాను కాబట్టి, ఈపాటికి అది మీ దగ్గర భద్రంగానే ఉండి ఉంటుందని నమ్మి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ లేఖను ఈమెయిలులోనూ, రిజిస్టర్డు పోస్టులోనూ పంపుతున్నాను. రెండిట్లో ఒకటైనా మనిషి చేతికి చేరుతుందని ఆశ.

పాత సంగతులు కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రతినిధులకు నేను ఫోను చేసిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన మనిషినయ్యాను. మీ కేబులు మా వీధికి వచ్చింది 2005లో. కేబులు టీవీకి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేసిన డిజిటలీకరణలో నాలుగో దశకు 2017 మార్చి 31 గడువు అన్నప్పుడు, మా వీధిలో సెట్‌టాప్ బాక్సుకు డబ్బు కట్టిన మొదటి ఇల్లు మాదే. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం వచ్చి, వంద ఛానెళ్లకు 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు, ఆపైన కోరుకున్న ప్రతి ఛానెలుకూ విడి ధర అన్నప్పుడు, పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా కూర్చుని మీ జాబితాలో టిక్కులు పెట్టాను. మేముండేది ఒడిశా కాబట్టి మీరు కట్టిన ప్యాకులో ఒడియా, హిందీ ఛానెళ్లే ఉండేవి. మాకు కావలసిన తెలుగు ఛానెళ్లకు విడిగా చెల్లించుకున్నాం. దాని గురించి ఒక్క ముక్క అనలేదు. సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇలాంటివి అలవాటే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జిల్లాను ఎలా తొక్కిందో మీకు గుర్తుందో లేదో తెలియదు. స్తంభాలు, చెట్లు, తీగలు అన్నీ కలిసి రోడ్డు మీద పడి ఉన్నాయి. కరెంటు వచ్చిన రెండో రోజున, అప్పట్లో మా వీధికి కేబులు చూసే కుర్రవాడు నిచ్చెన భుజాన వేసుకుని తనంతట తానే వచ్చి, “మాస్టారూ, అమ్మమ్మగారి భక్తి ఛానెలు ఆగిపోయుంటుంది కదా” అని తీగ కట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. అతనికి టోల్‌ఫ్రీ నంబరు లేదు, యాప్ లేదు. ఆ నెల టీవీ చూడకపోయినా మీకు పూర్తి చందా కట్టాను.

ఇప్పటి సంగతికి వస్తాను. కేబులు తీసేసి ఇంటర్నెట్ ద్వారానే టీవీ చూడటం మేలని విశాఖపట్నంలో ఉన్న మా అబ్బాయి ఏడాదిగా పోరుతున్నాడు. సరిగ్గా అదే సమయానికి మీ సంస్థ తరఫున మెడలో బిళ్ల వేసుకున్న ఒక యువకుడు వచ్చి, ఫైబరు కనెక్షను తీసుకుంటే ఛానెళ్లు, సినిమాలు, సీరియళ్లు అన్నీ అందులోనే వస్తాయని, 19 ఏళ్ల చందాదారు గనుక ప్రత్యేక గౌరవం ఉంటుందని చెప్పి, ఏడాది డబ్బు ముందుగా తీసుకుని, పాత సెట్‌టాప్ బాక్సు కూడా పట్టుకుపోయాడు. దానికి రసీదు తరువాత ఇస్తానన్నాడు. ఆ ‘తరువాత’ ఇంకా రాలేదు.

జూలై 20న కనెక్షను పెట్టారు. న్యాయంగా ఒప్పుకోవాలి, 23 రోజులు అది బాగా పనిచేసింది. మా అమ్మ వయసు 84. రిమోటులో మాట్లాడితే ఛానెలు వస్తుందని తెలిశాక ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, “నాయనా, కాస్త ఎస్వీబీసీ పెట్టు” అని మర్యాదగా అడిగేది. అది పెట్టేది. మధ్యాహ్నం 12 గంటలకు తిరుమల నుంచి శ్రీవారి కల్యాణోత్సవం ప్రత్యక్ష ప్రసారం చూసిన తరువాతే ఆమె భోజనం. మీ సంస్థకు చెందిన వస్తువుల్లో ఇంతవరకు ఆమె మాట విన్నది ఆ రిమోటు ఒక్కటే.

ఆగస్టు 12న గోడ మీది పెట్టెలో ఎర్రలైటు వెలిగింది. తీగ తెగిందో, కోతి కొరికిందో, ఇంకేమైనా అయిందో నాకు తెలియదు. ఆ శాస్త్రం నేర్చుకోవాలన్న కోరిక కూడా లేదు. వస్తువన్నాక చెడిపోతుంది, బాగుచేస్తే బాగుపడుతుంది. ఆ ఎర్రలైటు మీద నాకు కోపం లేదు. ఆ రోజు మొదలుకుని నేటి వరకు, ఈ 55 రోజుల్లో, నాకూ మీకూ మధ్య జరిగినదాని గురించే ఈ లేఖ.

మొదటిసారి ఫోను చేసినప్పుడు హిందీ, ఇంగ్లీషు, ఒడియా భాషల్లో ఒకటి ఎంచుకోమన్నారు. ఒడిశా ప్రభుత్వ పాఠశాలల్లో 36 ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఒడియా నాకు కొత్త కాదు. చక్కగా ఒడియాలోనే చెప్పాను. అవతలి అమ్మాయి “మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్” అని, వెంటనే నా ఇబ్బంది ఏమిటని అడిగింది. పెట్టె ప్లగ్గు తీసి ముప్పై సెకన్లు ఆగి మళ్లీ పెట్టమంది. పెట్టాను. ఎర్రలైటే. 48 గంటల్లో మనిషి వస్తాడంది. రెండోసారి మాట్లాడినతనూ ప్లగ్గు తీయమన్నాడు, మూడో ఆవిడా తీయమంది. ఏడోసారికి వాళ్లు నోరు తెరవకముందే “ప్లగ్గు తీసి ముప్పై సెకన్లు ఆగి పెట్టానమ్మా” అన్నాను. “మంచిది సార్, ఇప్పుడు ఇంకొకసారి పెట్టండి” అంది. ఈ వయసులో మంచాన్ని పక్కకు జరిపి, వంగి, గోడ మూలనున్న ఆ ప్లగ్గును తీయడంలో నేనింత నైపుణ్యం సంపాదించడానికి కారణమైన మీ సంస్థకు కృతజ్ఞుణ్ణి.

తెలుగులో చెబితేనైనా పని జరుగుతుందేమోనని ఒక రోజు మా ఆవిడ ఫోను తీసుకున్నాను. ఆమె సిమ్ము మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో కొన్నది. ఫోను ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు వెళ్లింది. ఎంత మంచి తెలుగు! ఆ అబ్బాయి ఓపికగా అంతా విని, చివరికి, “సార్, మీ ఖాతా ఒడిశా సర్కిల్‌లో ఉంది, నా తెరమీద కనపడదు, మీరు ఒడిశాకు చేసుకోవాలి” అన్నాడు. అంటే మా సమస్యను చూడగలిగినవారికి వినిపించదు, వినగలిగినవారికి కనిపించదు. అయ్యా, ఇది గిడుగు రామమూర్తి పంతులు గారి ఊరు. 1880లో ఇక్కడి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, కొండల మీద సవరలు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవాలని వారి భాష నేర్చుకుని, వారికోసం పుస్తకాలు రాశారు. మీరు కొత్త భాష ఏదీ నేర్చుకోనక్కరలేదు. మీ రెండు కార్యాలయాల్లోనూ అప్పటికే వచ్చిన రెండు భాషలను ఒక ఫోనులో కలిపితే చాలు.

మనిషి వరలక్ష్మీ వ్రతం నాటికి వస్తాడన్నారు. తరువాత వినాయక చవితి లోపల తప్పక అన్నారు. చవితి వెళ్లింది, నిమజ్జనం అయింది, ఇప్పుడు దేవీ నవరాత్రులు నడుస్తున్నాయి. ఈ మధ్యలో పాతపట్నంలో ఉన్న మీ టెక్నీషియన్ నంబరు ఎవరినో బతిమాలి సంపాదించాను. “మాస్టారూ, మీ ఇల్లు నాకు తెలుసు, కానీ వంతెన దాటితే అది వేరే ఫ్రాంచైజీ, నేను వస్తే నా ఉద్యోగం పోతుంది” అని నిజం చెప్పాడు. ఇంతవరకు నాకు నిజం చెప్పిన మీ ఉద్యోగి అతనొక్కడే, దయచేసి దానికి శిక్షించకండి. బ్రహ్మపురం కార్యాలయానికి చేస్తే, అక్కడినుంచి మా ఊరికి మనిషిని పంపాలంటే కనీసం మూడు నాలుగు ఫిర్యాదులు పోగవ్వాలన్నారు. నౌపడ నుంచి మా ఊరికి 1900లోనే రైలు నడిచింది. ఆ రైలు కూడా ఇంతమంది ప్రయాణికులు పోగైతేనే కదులుతానని అని ఉండదు.

ఇంతవరకు జరిగింది అలసత్వం. దాన్ని భరించాను. భరించలేనిది ఆగస్టు 29న జరిగింది. ఆ రోజు గిడుగు వారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మీ యాప్‌ను తెలుగులోకి మార్చుకుని చూస్తే, నా ఫిర్యాదు ఎదురుగా ఆకుపచ్చ అక్షరాల్లో “మీ ఫిర్యాదు పరిష్కరించబడింది” అని ఉంది. తరగతిలో పిల్లలకు కర్మణి ప్రయోగం చెప్పేటప్పుడు, ఇది తెలుగుకు అంత సహజం కాదు, చేసినవాడి పేరు దాచిపెట్టవలసి వచ్చినప్పుడు జనం దీన్ని ఆశ్రయిస్తారు అనేవాణ్ణి. మీరు నా పాఠానికి మంచి ఉదాహరణ ఇచ్చారు. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? ఏ చేత్తో? టీవీ ముందు నల్లటి తెరను చూస్తూ కూర్చున్న మా అమ్మకు ఆ పరిష్కారం ఏమిటో నేనెలా చెప్పాలి?

మళ్లీ ఫిర్యాదు నమోదు చేశాను. సెప్టెంబరు 11న అది కూడా మూసేశారు. ఈసారి కారణం రాశారు: “టెక్నీషియన్ వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంది.” అయ్యా, మా ఇంటికి తాళం కప్ప ఎక్కడుందో వెతకాలంటే మాకే ఒక పూట పడుతుంది. మోకాళ్ల నొప్పుల వల్ల మా అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలోనే పడక కుర్చీలో ఉంటుంది. వీధిలో వెళ్లే ప్రతివారినీ పలకరిస్తుంది. మీ మనిషి వచ్చి ఉంటే, పని చేసినా చేయకపోయినా, కాఫీ తాగకుండా వెళ్లగలిగేవాడు కాదు. రాని మనిషి వచ్చాడని, తెరిచి ఉన్న ఇంటికి తాళం ఉందని మీ పుస్తకాల్లో రాసుకున్నారు. ఒక ఉపాధ్యాయుడి మాటకు ఈ ఊళ్లో ఇప్పటికీ విలువ ఉంది. మీ రికార్డుల్లో మాత్రం నేను ఇల్లు తాళం వేసుకుని తిరుగుతూ, అబద్ధపు ఫిర్యాదులు చేసే మనిషిని. నాకు నిద్ర పట్టనిది దీనికి.

ఆ తరువాత మీ వాట్సాప్‌లోని యంత్రంతో కూడా మాట్లాడాను. “మనిషితో మాట్లాడాలి” అని టైపు చేస్తే, “కొత్త ప్లాన్‌ల కోసం 1 నొక్కండి” అంది. ఇంకొక ప్రతినిధి “అంతవరకు మొబైల్‌లో చూసుకోండి సార్” అని సలహా ఇచ్చాడు. శుక్లాల ఆపరేషను అయిన కళ్లతో అరచేతి వెడల్పు తెరలో స్వామిని వెతుక్కోమని మా అమ్మకు అతన్నే వచ్చి చెప్పమన్నాను. ఫిర్యాదు తేలకపోతే పైన అప్పీలు చేసుకోవడానికి ట్రాయ్ నిబంధనల్లో ఉన్న అప్పిలేట్ అథారిటీ వివరాలు ఇమ్మని అడిగితే, “అది ఏ యాప్‌లో ఉంటుంది సార్?” అన్నాడు. ప్రతి ఫోను అయిపోగానే, మా సేవకు అయిదులో ఎన్ని నక్షత్రాలు ఇస్తారని సందేశం మాత్రం ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆ పని చూసే మనిషినే మా ఇంటికి పంపితే బాగుండేది.

పక్కింటివారు వేరే సంస్థకు మారిపోయారు. నన్నూ మారమంటున్నారు. ఏడాది డబ్బు మీ దగ్గర ఉంది, పాత బాక్సు మీ దగ్గర ఉంది, 19 ఏళ్లు మీ దగ్గర ఉన్నాయి. ఏది తీసుకుని వెళ్లాలో తెలియక ఇంకా ఇక్కడే ఉన్నాను.

బెదిరింపు నాకు చేతకాదు గాని, తెలిసినది చెప్పడం ధర్మం. ఒప్పందం వెనుక చిన్న అక్షరాల్లో వివాదాలన్నీ మీ ప్రధాన కార్యాలయం ఉన్న నగరంలోనే తేల్చుకోవాలని మీరు ఏం రాసుకున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషను ముందే ఫిర్యాదు వేయవచ్చు. నేను చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు గనుక దానికి రుసుము కూడా లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఇప్పటికే ఫోను చేశాను. అక్కడ మనిషి ఎత్తాడు. నా రెండు ఫిర్యాదుల సంఖ్యలు, ‘పరిష్కరించబడింది’ అన్న తెర ఫొటో, తాళం ఉందన్న సందేశం, దాని పక్కనే అదే రోజు వరండాలో కూర్చున్న మా అమ్మ ఫొటో, వరుసగా ఒక ఫైలులో పెట్టాను. నాకు సెలవులే సెలవులు. వాయిదాలకు తిరగడానికి ఓపిక కూడా ఉంది.

తీగ బాగుచేయండి, పోయిన రోజుల సొమ్ము లెక్క చూడండి, అది మీవల్ల కాకపోతే నా పాత బాక్సు నాకిచ్చేయండి. అంతకన్నా ముందు, ఆ రెండు ఫిర్యాదులకు ఎదురుగా ఉన్న అబద్ధాన్ని చెరిపించి, చెరిపినవారి పేరుతో నాకొక ఉత్తరం రాయించండి.

తిరుమలలో నిన్న బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి. ధ్వజారోహణం చూడలేకపోయామని మా అమ్మ నన్నేమీ అనలేదు; గరుడ సేవ ఎప్పుడని మాత్రం అడిగింది. 8వ తేదీ సాయంత్రం. ఆ రోజున కూడా ఆమె పొద్దున్నుంచి వరండాలోనే ఉంటుంది. ఇంటికి తాళం ఉండదు.

ఇట్లు,
2005 నుంచి మీ చందాదారు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు.