బయోచార్ వేసే ముందు నేల పీహెచ్ చూడండి

సంపాదకులు గారికి,

బయోచార్ (గాలి సరిగా అందకుండా కాల్చిన కట్టె బొగ్గు) వేస్తే ఎలాంటి నేలైనా బాగుపడుతుందన్న మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. మన సీమ నేలలకు ఇది సగమే నిజం. బయోచార్ బాగా పనిచేసినట్టు తేలింది ఎక్కువగా ఆమ్ల నేలల్లో. బొగ్గుతో పాటు ఉండే బూడిద అక్కడ సున్నంలా పనిచేసి పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత; 7 దాటితే క్షారం) పెంచుతుంది. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో చాలాచోట్ల పీహెచ్ ఇప్పటికే 8 దాటి ఉంది. అక్కడ ఇంకా క్షారం చేరితే జింకు, ఇనుము వేళ్లకు అందవు. వేరుశనగ లేత ఆకులు పాలిపోతాయి. చీని (బత్తాయి)లో కొత్త ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు తిరుగుతాయి.

కళ్యాణదుర్గం లాంటి చోట్ల ఎర్ర నేలల సంగతి వేరు. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ కాబట్టి తడి, పోషకాలు నిలవవు. బయోచార్ సన్న రంధ్రాల్లో నీరు పట్టి ఉంచుతుంది. ఏడాది 550 మి.మీ. చుట్టూ వాన పడే అనంతపురానికి ఆ లాభం చిన్నది కాదు.

తయారీకి డ్రమ్మే అక్కర్లేదు. పైన 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతుతో, అడుగుకు పోయేకొద్దీ సన్నబడే గుంత చాలు. బాగా ఎండిన పత్తి కట్టె, కంది కట్టె, సర్కారు తుమ్మ కొమ్మలు అడుగున అంటించాలి. పైపొర మీద తెల్లటి బూడిద పొర కనిపించగానే తర్వాతి పొర వేయాలి. ఆలస్యమైతే బొగ్గు బూడిదవుతుంది, తొందరపడితే మంట అణిగి పొగ కమ్ముతుంది. వేరుశనగ పొట్టు ఒక్కటే పోస్తే గాలి ఆడదు, కట్టెతో కలిపి వేయాలి. చివర్లో నీళ్లు పోసి అడుగుదాకా ఆర్పాలి. లోపల నిప్పుకణిక మిగిలితే తెల్లారేసరికి బూడిదే. ఆరిన బొగ్గును చేతిలో నలిపి చూడండి: ఉత్త నీళ్లతో నలుపు పోతే సరిగ్గా కాలినట్టు, జిడ్డు మిగిలితే తారు ఉన్నట్టు.

ఏమీ కలపని బొగ్గును నేరుగా వేస్తే మొదట నేలలోని నత్రజనినే పీల్చుకోవచ్చు, పైరు వెలవెలబోతుంది. అందుకే బఠాణీ గింజంత ముక్కలు చేసి, అంతే పరిమాణం పశువుల ఎరువుతో కలిపి, జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టిన ద్రవం) చల్లి, మూడు వారాలు నీడలో తడిగా ఉంచాలి. ఉప్పు బోరు నీళ్లు దీనికి వద్దు. యూరియా కలపకూడదు, క్షారానికి అమ్మోనియాగా గాలిలో పోతుంది.

టన్ను ఎండు కట్టెకు వచ్చేది 200-250 కిలోలే. ఎకరమంతా చల్లాలంటే కట్టె ఎక్కడ సరిపోతుంది? వేళ్ల దగ్గరే వేయాలి. 6 మీటర్ల ఎడం ఉన్న చీని తోటలో ఎకరాకు 110 చెట్లు. పాదుకు 5 కిలోల లెక్కన 550 కిలోలు. ఇంకో మాట: పెండిమిథాలిన్ లాంటి కలుపు మందులను బొగ్గు పట్టేసుకుంటుంది, చల్లిన చోట కలుపు చావదు.

అమ్మే ప్రతి బయోచార్ సంచి మీద పీహెచ్, బూడిద శాతం, ఏ కట్టెతో చేశారో ముద్రించడం తప్పనిసరి చేయాలి. రైతు సేవా కేంద్రాలు భూసార పరీక్ష కార్డు చూడకుండా దీన్ని ఎవరికీ సిఫారసు చేయకూడదు. పీహెచ్ 8 దాటిన పొలానికి పశువుల ఎరువు, పచ్చిరొట్ట (పైరును పచ్చిగానే నేలలో కలిపి దున్నడం) మాత్రమే చెప్పాలి.

- నేల రసాయనశాస్త్ర అధ్యాపకులు, అనంతపురం