ఆయిల్ లీకుకు వెనుక సీలు ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు నమస్కారం.

పాత కార్ల నిర్వహణపై మీరు ఇటీవల ప్రచురించిన వ్యాసంలో, ఇంజన్ వెనుక భాగంలో ఆయిల్ కనిపిస్తే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వెనుక కొసన ఆయిల్‌ను ఆపే సీలు పోయినట్టేనని, ఇంజన్ దింపి దాన్ని మార్చడమే మార్గమని రాశారు. ఈ సలహాను యథాతథంగా పాటించినవారికి, అంత ఖర్చూ శ్రమా అయ్యాక కూడా అదే చోట అదే చుక్క మళ్లీ కనిపించే అవకాశం ఉంది.

ఆయిల్ కనిపించిన చోటే కారుతోందని అనుకోవడం పొరపాటు. ఇంజన్ పైన వాల్వులను కప్పే ట్యాపెట్ కవర్ అంచు నుంచో, ఆయిల్ ప్రెషర్ పైపు బిగింపు నుంచో బయటపడిన ఆయిల్ బ్లాకు వెంబడి జారి, కారు నడిచేటప్పుడు తగిలే గాలికి వెనక్కి పాకి, చివరికి క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున చుక్క కడుతుంది. అందుకే ముందుగా ఇంజన్‌ను డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న అతుకుల చుట్టూ టాల్కం పౌడర్ పలచగా చల్లి, వేడెక్కేదాకా నడిపి చూడాలి. తెల్లటి పొడి మీద మొదటి తడి గీత ఎక్కడ మొదలైతే లీకు అక్కడే ఉన్నట్టు. ఫ్యాన్ గాలి సూటిగా తగిలే చోట పొడి నిలవదు గనుక అక్కడ ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ రంగు, అతినీలలోహిత టార్చి పనికొస్తాయి.

మీ వ్యాసం అసలు ప్రస్తావించని విషయం బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి వాయువు బయటికి పోయే దారి. పిస్టన్ రింగులు ఎంత బాగున్నా మండిన వాయువు కొంత క్రాంక్‌షాఫ్ట్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవలసిన గొట్టమో, జాలీయో, తర్వాతి కార్లలోనైతే ఆ వాయువును తిరిగి ఇంజన్‌లోకే పీల్చుకోనిచ్చే పీసీవీ వాల్వో మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి అతుకు నుంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఆ స్థితిలో ఎన్ని ప్యాకింగులు మార్చినా ఫలితం ఉండదు. బ్రీదర్‌ను శుభ్రం చేసిన తర్వాత కూడా, ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీయగానే పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తే రింగులు, సిలిండర్లు అరిగాయని అనుమానించాలి. దానికి సీలు మందు కాదు.

ఇక అసలు సీలే లేని ఇంజన్ల సంగతి. బ్రిటన్‌కు చెందిన పాత కారు మోరిస్ మైనర్‌లో 1952 నుంచి వాడిన ఏ సిరీస్ ఇంజన్‌కు క్రాంక్‌షాఫ్ట్ వెనుక కొసన రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద మర చుట్లలా చెక్కిన గాడి తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి మళ్లిస్తుంది. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపే ఆ ఏర్పాటు పనిచేస్తుంది గనుక, ఇంజన్ ఆపాక ఒకటి రెండు చుక్కలు పడితే రోగం అనలేము. ఆ చుక్కలు పోవడానికే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం పెట్టి, అది పూడుకుపోకుండా స్ప్లిట్ పిన్ వేలాడదీశారు. నేల పాడవుతోందని ఆ రంధ్రాన్ని మూసేసేవారున్నారు! అప్పుడు ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేటును తడిపేస్తుంది.

ట్యాపెట్ కవర్ కారుతుంటే బోల్టును ఇంకో చుట్టు బిగించడం మనవాళ్లకు అలవాటు. దానివల్ల కార్క్ ప్యాకింగ్ నలిగిపోవడమే కాక, బోల్టు రంధ్రాల చుట్టూ రేకు లోపలికి గుంట పడి, రెండు బోల్టుల మధ్య అంచు పైకి లేస్తుంది. కవర్‌ను చదునైన అద్దం మీద బోర్లించి చూస్తే ఆ సందు తెలుస్తుంది. గుంటలను మెల్లగా కొట్టి సరిచేయకుండా కొత్త ప్యాకింగ్ వేయడం దండగ. సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం ఇంకా ప్రమాదకరం: లోపలికి పొంగిన పేస్టు ముక్కలై ఆయిల్ చాంబర్‌లోకి రాలి, పంపు జాలీకి అడ్డుపడితే బేరింగులకే ముప్పు. లీకు ఆపుతాయంటూ ఆయిల్‌లో కలిపే మందులు రబ్బరును కాస్త ఉబ్బించవచ్చుగాని, కార్క్‌ను, కొన్ని పాత ఇంజన్లలో ఉండే తాడులా అల్లిన సీలును బాగుచేయలేవు.

రబ్బరు సీలు ఉన్న ఇంజన్‌లో అదే పోయిందని తేలితే మార్చక తప్పదు. అప్పుడైనా సీలు పెదవి ఆనే చోట షాఫ్ట్‌ను గోటితో తడిమి చూడాలి. గోరు పట్టేంత గాడి ఉంటే కొత్త సీలూ కారుతుంది. అక్కడ పలుచని స్టీలు తొడుగు వేయడమో, చోటుంటే సీలును కొద్దిగా పక్కకు జరిపి కూర్చోబెట్టడమో చేయాలి.

చిన్న చుక్కలకు కంగారుపడి ఇంజన్ దింపనక్కరలేదు; ఆయిల్ మట్టం చూసుకుంటూ నింపుకుంటే చాలు. వేడెక్కిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఆయిల్ పడుతున్నా, క్లచ్ జారుతున్నా, ప్రెషర్ దీపం వెలిగినా మాత్రం కారును అక్కడే ఆపాలి. ఈ తేడాను వివరిస్తూ మీ వ్యాసానికి సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు